కంప్లయింట్‌లో ఎవరి పేరు రాస్తున్నాం?

పోస్ట్ కొంచెం పెద్దది. బస్సులో ఉన్నవాళ్లు సేవ్ చేసుకుని తర్వాత చదవండి, కానీ చదవండి.

మన గ్రూపులో మీటింగులకి, ట్రైనింగులకి సిటీ వెళ్లి పెద్ద హోటల్లో దిగినవాళ్లు ఫోటోలు పెడుతుంటారు. కింద కామెంట్లు రెండు రకాలు. ఒకరు "సూపర్ తమ్ముడూ, ఎదగాలి" అంటారు. ఇంకొకరు "ఇది మన సంస్కృతి కాదు, ఆ ఏసీ రూముల మోజు మనకెందుకు" అంటారు. రెండిటి గురించీ నాకు పెద్ద పట్టింపు లేదు. నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ రూముల్లో మనం గెస్టులుగా దిగినప్పుడు మన చేతికి ఒక అధికారం వస్తుంది. దాన్ని నేను తప్పుగా వాడాను. ఎవరికీ చెప్పకుండా ఉండిపోవచ్చు. కానీ రేపు మీలో ఎవరో ఒకరు అదే తప్పు చేస్తారని రాస్తున్నాను.

ఈ చైత్రంలో జరిగింది. ఒక సంస్థ వాళ్లు గిరిజన విద్యార్థుల కోసం మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టారు, విశాఖపట్నంలో. ఏజెన్సీ నుంచి, సిటీ హాస్టళ్ల నుంచి కొంతమందిని పిలిచారు. మా హాస్టల్ నుంచి నేను, మా రూమ్మేట్. బస ఒక పెద్ద హోటల్లో అని మెసేజ్ వచ్చింది. హోటల్ పేరు ఇక్కడ రాయను, నా గొడవ ఆ ఒక్క హోటల్‌తో కాదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అలాంటి హోటల్ గడప కూడా నేనే మొదలు. నాన్నకి ఫోన్ చేసి చెప్తే "తిండి పెడతారా?" అని అడిగాడు. పెడతారు అన్నాను. "అయితే వెళ్లు" అన్నాడు.

సాయంత్రం సిటీ బస్సు దిగి నడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్లాం. భుజాన కాలేజీ బ్యాగులు, కాళ్లకి హవాయి చెప్పులు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టి "క్యాటరింగ్ వాళ్లంతా వెనక గేటు నుంచి" అన్నాడు. ఆ రోజు అక్కడ ఏదో పెళ్లి ఉంది. వడ్డించడానికి వచ్చిన కుర్రాళ్లం అనుకున్నాడు. కాదన్నా, మాకిక్కడ రూము ఉంది అంటే, మమ్మల్ని పైనుంచి కింద దాకా చూసి "ఏటి, రూమా?" అని నవ్వాడు. ఫోన్లో మెసేజ్ చూపించాం. అది చదవలేదు. లోపలికి ఫోన్ చేశాడు. మేము అక్కడే నిలబడి ఉండగా మూడు కార్లు లోపలికి వెళ్లాయి. ప్రతి కారుకీ ఆయన సెల్యూట్ కొట్టాడు.

ఆయన మా కులం అడగలేదు. అది నిజం. మొహం చూశాడు, బ్యాగు చూశాడు, చెప్పులు చూశాడు. అడగకుండానే తెలిసిపోయినట్టు ప్రవర్తించాడు.

లోపలికి వెళ్తే రిసెప్షన్ పక్కన గోడ మీద నిలువెత్తు ఫోటో. ధింసా ఆడుతున్న మన అక్కలు, నడుం చుట్టూ చేతులు వేసుకుని వరసగా. మెనూలో అరకు కాఫీ. మా ఇంటి వెనక సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలున్నాయి, ఆ చెట్లకే మిరియం తీగ ఎక్కించాం. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, అది మనందరికీ గర్వమే. మన బొమ్మ, మన పంట ఆ హోటల్లోకి ముందు గుమ్మం నుంచే వెళ్లాయి. మేము మాత్రం ఆ ఫోటో కిందే ఇరవై నిమిషాలు నిలబడ్డాం. మా తర్వాత వచ్చినవాళ్లు మాకంటే ముందు తాళాలు తీసుకుని వెళ్లారు. మేము అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. ఎమ్మార్వో ఆఫీసులో నిలబడటం అలవాటైనవాళ్లకి ఎక్కడైనా నిలబడటం అలవాటైపోతుందేమో.

రూమ్ సంగతి. తాళం బదులు కార్డు ఇచ్చారు. తలుపు తెరుచుకుంది కానీ లైట్లు వెలగలేదు. కార్డు లోపల గోడకున్న పెట్టెలో పెడితేనే కరెంటు వస్తుందని మాకెవరూ చెప్పలేదు. ఫోన్ టార్చి వేసుకుని పది నిమిషాలు కూర్చున్నాం. తర్వాత మా వాడు కారిడార్‌లో పక్క రూమ్ వాళ్లు ఎలా చేస్తున్నారో చూసి వచ్చి కార్డు పెట్టాడు. ఏసీ తగ్గించడం రాలేదు, రాత్రంతా చలి. మన కొండల్లో చలి మనకి కొత్త కాదు, కానీ అక్కడ నెగడు ఉంటుంది కదా. టేబుల్ మీద నీళ్ల సీసాలు ఉన్నాయి, వాటికి బిల్లు వేస్తారేమో అని బాత్‌రూమ్ కుళాయి నీళ్లు తాగాం. ఫోన్ ఉంది, దాని మీద రిసెప్షన్ నంబరూ ఉంది. చెయ్యలేదు. ఇంగ్లీషులో మాట్లాడతారని భయం.

పొద్దున్న స్నానానికి వెళ్తే వేడినీళ్లు రాలేదు. ఇద్దరికీ కలిపి ఒకటే టవల్ ఉంది. కారిడార్‌లో ట్రే పట్టుకుని వెళ్తున్న ఒకాయనకి టవల్ కావాలి అని చెప్పాం. "పంపిస్తా" అన్నాడు. ఎవరూ రాలేదు. చన్నీళ్లు పోసుకుని, ఒకే టవల్‌తో ఇద్దరం తుడుచుకుని వర్క్‌షాప్‌కి బయల్దేరాం. అప్పుడే మా రూమ్ శుభ్రం చెయ్యడానికి ఒక కుర్రాడు బండి తోసుకుంటూ వచ్చాడు. తల వంచి "గుడ్ మార్నింగ్ సార్" అన్నాడు. మేము పలకలేదు. చొక్కా మీద పేరు ఉంది, చదివాను.

మధ్యాహ్నం నా ఫోన్‌కి మెసేజ్. మీ బస ఎలా ఉంది, రేటింగ్ ఇవ్వండి అని లింకు. వర్క్‌షాప్‌లో ఆ పూట క్లాసు దేని గురించో తెలుసా? హక్కుల గురించి, ప్రశ్నించడం గురించి. ఆ వేడి మీద ఉన్నాను. గేటు దగ్గర నవ్విన నవ్వు ఇంకా కడుపులోనే ఉంది. రెండు స్టార్లు ఇచ్చాను. "వేడినీళ్లు రావు. టవల్స్ ఇవ్వరు. అడిగినా పట్టించుకోరు. రూమ్ బాయ్ నిర్లక్ష్యం" అని రాసి, ఆ కుర్రాడి పేరు కూడా రాశాను. మా వాడికి చూపిస్తే "బాగా పెట్టావురా" అన్నాడు. నాకూ బాగానే అనిపించింది. ప్రశ్నించాను అనుకున్నాను.

గేటు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇరవై నిమిషాలు నిలబెట్టిన సంగతీ రాయలేదు. అవి రాయాలంటే సిగ్గనిపించింది. మమ్మల్ని వడ్డించేవాళ్లు అనుకున్నారు అని మా చేత్తో మేమే రాయడం అవమానం అనిపించింది. వేడినీళ్లయితే ఎవరైనా రాసేదే కదా.

రాత్రి ఎనిమిదింటికి తలుపు కొట్టారు. సూట్ వేసుకున్న సూపర్‌వైజర్, చేతిలో పళ్ల బుట్ట. వెనకాల ఆ కుర్రాడు. సూపర్‌వైజర్ ఇంగ్లీషులో ఏదో చెప్పి పక్కకి జరిగాడు. కుర్రాడు ముందుకు వచ్చి చేతులు కట్టుకుని "సారీ సార్, ఇంకోసారి జరగదు సార్" అన్నాడు. నాకంటే ఏడాది చిన్నవాడు. నా జన్మలో నన్ను ఎవరూ అలా సార్ అనలేదు.

సూపర్‌వైజర్ బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి పిడి ఎడమ పక్కకి తిప్పి వదిలేశాడు. రెండు నిమిషాలకి పొగలు కక్కుతూ నీళ్లు వచ్చాయి. ఏమీ అనలేదు, చిన్నగా నవ్వాడు. మేమూ ఏమీ అనలేదు.

వాళ్లు వెళ్తుంటే మా వాడు నాతో మన భాషలో "పాపం, మనోడిలాగే ఉన్నాడు" అన్నాడు. గుమ్మం దాటుతున్న కుర్రాడు ఆగి వెనక్కి చూశాడు. ఒక్క క్షణమే. మళ్లీ తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పళ్ల బుట్టలో రెండు అరటిపళ్లు తిన్నాం కూడా, అబద్ధం ఎందుకు. పదిన్నరకి కిందకి దిగి హోటల్ వెనక సందులో టీ బడ్డీ దగ్గర నిలబడ్డాం. డ్యూటీ దిగినవాళ్లు ఆ గేటు నుంచే వస్తారు. వచ్చాడు. మమ్మల్ని చూసి భయపడ్డాడు, ఇంకేం కంప్లయింటో అని. మన భాషలో పలకరిస్తే అప్పుడు కూర్చున్నాడు.

మా పక్క మండలం. ఇంటర్ మధ్యలో ఆపేశాడు. ఉచిత స్కిల్ ట్రైనింగ్ అంటే మూడు నెలలు హౌస్‌కీపింగ్ నేర్చుకుని ఇక్కడ చేరాడు. హోటల్ ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్ మనిషి. రోజుకి పద్నాలుగు రూములు చెయ్యాలి. గెస్ట్ ఖాళీ చేసిన రూమ్ అయితే ముప్పావుగంట పడుతుంది, దుప్పట్లు, బాత్‌రూమ్, అద్దాలు, నేల అన్నీ. టవల్ సంగతి అడిగాను. "లాండ్రీ నుంచి తక్కువ వచ్చాయన్నా. పెళ్లివాళ్ల రూములకి ముందు ఇమ్మన్నారు. మీకు తర్వాత వేద్దామనుకున్నాను, కానీ మళ్లీ ఆ ఫ్లోర్‌కి పంపలేదు" అన్నాడు. మేము టవల్ అడిగిన ట్రే ఆయన రూమ్ సర్వీస్ అంట. వేరే డిపార్ట్‌మెంటు. ఈ తమ్ముడికి ఆ మాటే చేరలేదు.

రేటింగ్ తక్కువ వచ్చిందని అందరి ముందూ తిట్టారు. తర్వాతి రోజు నుంచి రెండు రోజులు సెలవు పెట్టుకున్నాడు, వాళ్ల ఊళ్లో ఇటుకల పండగ. ఆ సెలవు తీసేశారు. ఏడాదికి ఒక్కసారి వచ్చే పండగ. వాళ్లమ్మకి ఫోన్ చేసి రానని చెప్పి వచ్చి మా తలుపు కొట్టాడంట.

అతని పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసింది చాలు. ఈ సంగతి గ్రూపులో పెట్టనా అని అడిగాను. "పెట్టన్నా, కానీ హోటల్ పేరు వద్దు, ఉద్యోగం పోతుంది" అన్నాడు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న మాట. మనల్ని అవమానించింది గేటు, రిసెప్షన్. మనం దెబ్బ కొట్టింది బండి తోసుకునే తమ్ముడిని. ఇది నా ఒక్కడి సంగతే అయితే క్షమించమని అడిగి ఊరుకునేవాడిని. ఆ తర్వాత ఫోన్లో ఆ హోటల్ గురించి, వేరే పెద్ద హోటళ్ల గురించి గెస్టులు రాసినవి చాలాసేపు చదివాను. మీరూ చదివి చూడండి. బిల్డింగు బాగుంటే హోటల్‌ని పొగుడుతారు. సముద్రం కనిపిస్తే హోటల్‌ని పొగుడుతారు. టిఫిన్ బాగుంటే హోటల్‌ని పొగుడుతారు. ఏదైనా తేడా వస్తే మాత్రం "స్టాఫ్" అంటారు. ఆ స్టాఫ్ అంటే ఎవరు? టవల్స్ ఎన్ని కొనాలో లెక్కేసిన మేనేజరు కాదు. పద్నాలుగు రూములకి ఒక్క మనిషి చాలు అని తేల్చినవాడు కాదు. గెస్ట్ కంటికి కనిపించేది బండి తోసేవాడు, ప్లేటు తీసేవాడు, గేటు తీసేవాడు. కనిపించినవాడి మీదే కోపం పడుతుంది. రేటింగ్ పైకి వెళ్తుంది, దెబ్బ కిందకి వస్తుంది. ఇది ఒక పద్ధతిగా నడుస్తోంది.

సెక్యూరిటీ ఆయన్ని కూడా నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఆయన కూడా ఏజెన్సీ పెట్టిన మనిషే. ఎవర్ని ఆపాలో, ఎవరికి సెల్యూట్ కొట్టాలో ఆయన సొంతంగా కనిపెట్టలేదు. కార్లో వచ్చిన పెద్దమనిషిని ఒక్కసారి ఆపితే ఆయన ఉద్యోగం పోతుంది. మనల్ని ఆపితే ఏమీ కాదు. మనం కంప్లయింట్ రాయం కాబట్టి.

అందుకే "మనకెందుకు ఆ హోటళ్లు" అనే అన్నలతో నేను ఒప్పుకోను. బాబాసాహెబ్ అంబేద్కర్ సంగతి గుర్తు చేసుకోండి. 1917లో, అమెరికాలో, లండన్‌లో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరితే ఆయనకి ఊళ్లో ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి మరీ ఖాళీ చేయించారు. ఆ సంగతి ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నాడు. అంత చదివినవాడికి తల దాచుకోను గది లేదు. తర్వాత ఆయన అధ్యక్షుడుగా ఉన్న కమిటీ తయారుచేసిన రాజ్యాంగంలో ఆర్టికల్ 15(2) చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, పబ్లిక్ రెస్టారెంట్లలోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా అడ్డుకోకూడదు అని ఉంటుంది. హోటళ్లు అని మాట పెట్టి మరీ రాశారు. మనం పోటీ పరీక్షలకి బట్టీ పట్టే ఆర్టికల్ అది. నేనూ బట్టీ పట్టాను. గేటు దగ్గర నిలబడినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

రూమ్ గురించి తెలియకపోవడం తప్పు కాదు. కార్డు ఎక్కడ పెట్టాలో పుట్టుకతో ఎవరికీ తెలియదు. సిటీవాడు మన ఊరొస్తే జీలుగు కల్లు ఎలా తాగాలో, కొండ దారిలో కాలు ఎక్కడ వెయ్యాలో మనమే చెప్తాం. నవ్వుకుంటాం కానీ చెప్తాం. అడిగినవాడిని తక్కువగా చూడం. అక్కడ కూడా మనం అడగాలి. మేము అడగకపోవడం వల్లే వేడినీళ్లు రావు అని అబద్ధం రాశాం. అడగడానికి సిగ్గుపడినవాడు, కోపం రాయడానికి సిగ్గుపడలేదు. నా విషయంలో జరిగింది ఇదే.

ఇంకో వాదన వస్తుందని నాకు తెలుసు. "అయితే అసలు కంప్లయింటే చెయ్యొద్దా? పేదోడి పొట్ట కొట్టకూడదని నోరు మూసుకోవాలా?" లేదు. చెయ్యాలి. మేము గేటు గురించి రాసి ఉంటే రేపు వచ్చే మనవాళ్లకి ఆ గేటు కాస్త తేలికయ్యేదేమో. కంప్లయింట్ ఎవరి మీద వెళ్లాలో చూసి రాయాలి, అంతే. నేను అనుకున్న పద్ధతి ఇది:

1. పొగడాలంటే మనిషి పేరు రాయండి. ఆ తమ్ముడికో, చెల్లికో అది పనికొస్తుంది. తప్పు రాయాలంటే మనిషి పేరు కాదు, జరిగింది రాయండి. "రూమ్‌లో ఇద్దరికి ఒకే టవల్ ఉంది, పొద్దున్న ఏడింటికి అడిగాం, మధ్యాహ్నం దాకా రాలేదు" అని. ఎందుకు రాలేదో వెతకడం మేనేజర్ పని. కానీ ఎవరైనా చెయ్యి చేసుకున్నా, కులం పేరుతో తిట్టినా, ఆడపిల్లలతో తప్పుగా ప్రవర్తించినా అప్పుడు పేరు, టైము అన్నీ రాయండి. పోలీస్ స్టేషన్‌కీ వెళ్లండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉంది.

2. ముందు రిసెప్షన్‌కి ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడండి. విశాఖలో, హైదరాబాద్‌లో తెలుగు రాని హోటల్ ఉంటే అది వాళ్ల లోటు. ఫోన్లో సరి కాకపోతే "డ్యూటీ మేనేజర్‌ని పిలవండి" అనండి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, రాత్రయినా పగలైనా ఆ డ్యూటీలో ఒకరుంటారు.

3. రూమ్‌లోకి వెళ్లగానే తీసుకెళ్లిన మనిషిని అన్నీ చూపించమనండి. కార్డు, ఏసీ, వేడినీళ్లు, తలుపు గొళ్లెం. ఏ నీళ్లు ఉచితం, ఏ ఫ్రిజ్‌లోవి తింటే బిల్లు పడుతుంది అని అక్కడే అడగండి. రెండు నిమిషాల పని.

4. ఐడీ అడిగితే ఇవ్వాలి, అది అందరినీ అడుగుతారు. మనల్నే అడుగుతున్నారా, అందరినీ అడుగుతున్నారా అని మాత్రం చూడండి. ఆధార్ ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుంది, యూఐడీఏఐ సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

5. రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ అని వేస్తే తప్పనిసరిగా కట్టాలని లేదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు అవి సరైనవే అంది. తీసెయ్యమని అడగొచ్చు. తియ్యకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఒక మనిషికి ఇవ్వాలనిపిస్తే చేతికి ఇవ్వండి.

6. గెస్ట్‌గా వెళ్లినంత మాత్రాన మనం దొరలం అయిపోం. "గుడ్ మార్నింగ్" అంటే పలకండి. నేను పలకలేదు. ఆ రోజు పలికి ఉంటే, యాస విని మనవాడని అప్పుడే తెలిసేది.

కొందరికి ఆరో పాయింట్ చిన్నదనిపించొచ్చు. "మనవాడైతేనే మర్యాదా, వేరేవాడైతే తిట్టొచ్చా?" అని మా వాడే నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. ఆ కుర్రాడు ఏ శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో, అస్సాం నుంచో వచ్చినవాడైతే నాకు ఈ బాధ కలిగేదా? కలిగేది కాదేమో. మనవాడు కాబట్టి కళ్లు తెరుచుకున్నాయి. తెరుచుకున్నాక ఇక అందరినీ చూడాలి.

మరి మేమేం చేశాం? మూడో రోజు పొద్దున్నే రిసెప్షన్‌కి వెళ్లి డ్యూటీ మేనేజర్‌ని పిలవమన్నాం. కాళ్లు వణికాయి. తెలుగులోనే చెప్పాం. వేడినీళ్ల గురించి రాసింది మా పొరపాటు, మాకు కుళాయి తిప్పడం తెలియలేదు. టవల్ మేము అడిగింది వేరే ఆయన్ని, ఆ కుర్రాడి తప్పు లేదు. కానీ గేటు దగ్గర మమ్మల్ని వెనక గేటుకి పొమ్మన్నారు, ఇక్కడ ఇరవై నిమిషాలు నిలబెట్టారు, ఇవి మా అసలు కంప్లయింట్లు. మొత్తం తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, ఒక కాపీ మీద ఆయన సంతకం తీసుకున్నాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "మీరు ఏ ఊరు?" అని అడిగాడు. చెప్పాం. "అరకు చాలా బాగుంటుంది, ఫ్యామిలీతో వచ్చాం" అన్నాడు. సెలవు గురించి అడిగితే "అది ఇంటర్నల్ విషయం, చూస్తాం" అన్నాడు.

తమ్ముడికి ఆ సెలవు రాలేదు. పండగ అయిపోయింది. తర్వాత ఫోన్ చేస్తే "పర్లేదన్నా, తిట్టడం తగ్గించారు" అన్నాడు. గేటు సంగతి ఏం చేశారో మాకు జవాబు రాలేదు. ఇక్కడ గెలిచాం అని రాయడానికి ఏమీ లేదు.

చివరిగా ఒక్క మాట, ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. స్కిల్ ట్రైనింగ్ పేరుతో మనవాళ్లు చాలామంది హోటళ్లకి వెళ్తున్నారు. హౌస్‌కీపింగ్ చిన్న పని కాదు, రోజుకి పద్నాలుగు రూములు చేసేవాడి ముందు ఎవరూ చిన్న పని అనకూడదు. కానీ మనకి మూడు నెలల దారి ఒక్కటే ఉందని ఎందుకు అనుకోవాలి? ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అని జాతీయ ప్రవేశ పరీక్ష ఉంది. దాంతో హైదరాబాద్ విద్యానగర్‌లో ఉన్న ఐహెచ్‌ఎం లాంటి కేంద్ర సంస్థల్లో హోటల్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ చదవొచ్చు. ఎస్టీలకి 7.5 శాతం సీట్లున్నాయి. ఫ్రంట్ ఆఫీసు, కిచెన్, మేనేజ్‌మెంట్ అన్నీ అక్కడ నేర్పుతారు. మన కాలేజీల్లో, ఐటీడీఏ మీటింగుల్లో ఈ పరీక్ష పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు. హౌస్‌కీపింగ్ బ్యాచ్ పాంప్లెట్లు మాత్రం హాస్టల్ గోడ నిండా ఉన్నాయి. మనకి ఏ గేటు చూపిస్తున్నారో ఆ గోడ చూస్తేనే తెలుస్తుంది. ఎవరైనా ఆ పరీక్ష రాసినవాళ్లు, అక్కడ చదువుతున్నవాళ్లు ఈ గ్రూపులో ఉంటే దయచేసి ఒక పోస్ట్ పెట్టండి, ఫీజులు, స్కాలర్‌షిప్పులు, ఇంగ్లీషు ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.

నన్ను తిట్టాలనుకుంటే కామెంట్లో తిట్టండి, పడతాను. కానీ దాంతోపాటు ఇంకోటి రాయండి. మీరు పెద్ద హోటల్‌కి, మాల్‌కి, హాస్పిటల్‌కి వెళ్లినప్పుడు మిమ్మల్ని ఏ గేటు దగ్గర ఆపారు, మీరు ఎవరి మీద కోప్పడ్డారు? రెండూ ఒకరేనా?

వచ్చే ఏడాది ఇటుకల పండక్కి ఆ తమ్ముడు వాళ్ల ఊరు రమ్మన్నాడు. వెళ్తాను. జై ఆదివాసీ.